సమాధి రాయి మీద లేని పేరు మినిట్స్ పుస్తకంలో ఉంది

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

పెన్సిల్వేనియా రాష్ట్రం ఎలా ఏర్పడిందని ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు గత సంచికలో సమాధానం ఇచ్చాము. ఇంగ్లండ్ రాజు రెండవ చార్లెస్ విలియం పెన్ తండ్రికి 16,000 పౌండ్లు బాకీ పడ్డాడనీ, ఆ బాకీ కింద 1681 మార్చి 4న ఆ నేలను పెన్ పేర రాసిచ్చాడనీ, పెన్ క్వేకరు కావడం వల్ల ఆ మతస్థులు వేల సంఖ్యలో అక్కడికి వలస వెళ్ళారనీ అందులో రాశాము. ఆ తరవాత వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఆ తొలి కుటుంబాల గురించే ఉన్నందువల్ల ఈ నెల శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి ఫిలడెల్ఫియాకు పడమర శివార్లలో ఉంటుంది. మొన్న వేసవిలో అక్కడున్నప్పుడు పక్కింటి పెద్దావిడ మమ్మల్ని ఒక పాత రాతి మందిరానికి తీసుకెళ్ళి, వెనకనున్న పచ్చికను చూపించి, తమవారు పదకొండు తరాలుగా ఈ ప్రాంతంలోనే ఉన్నారనీ, మొదటి మూడు తరాలవారు ఆ పచ్చిక కిందే ఉన్నారనీ చెప్పారు. అక్కడ పాత పేరున్న రాయి ఒక్కటి కూడా లేదు. సమాధి మీద పేరే లేనప్పుడు ఆవిడకు అంత కచ్చితంగా ఎలా తెలుసు? అసలు ఈ క్వేకర్లు ఎవరు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ఆవిడ చెప్పినది నిజం అయ్యే అవకాశమే ఎక్కువ. తొలి క్వేకర్లు సమాధి మీద రాయి నిలపడాన్ని ఆడంబరంగా భావించేవారు. చనిపోయాక ధనికుడికి పెద్ద రాయి, పేదవాడికి మట్టికుప్ప ఉండకూడదన్నది వారి పట్టుదల. అందరికీ ఒకే తీరుగా ఉండే చిన్న సాదా రాళ్ళు పెట్టుకోవచ్చునని, ఇంగ్లండు క్వేకర్ల పెద్ద సభ అయిన లండన్ వార్షిక సమావేశం ఒప్పుకోవడానికి 1850 దాకా పట్టింది. అందుచేత మీరు చూసిన పచ్చిక ఖాళీగా కనిపించడంలో వింత లేదు. అయితే రాతి మీద రాయనివారు కాగితం మీద రాయకుండా ఒక్క రోజు కూడా గడపలేదు. క్వేకర్ కుటుంబాల చరిత్ర అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉన్నది.

ఈ మతం 1650 ప్రాంతంలో, ఇంగ్లండు అంతర్యుద్ధంతో అల్లకల్లోలమైన కాలంలో మొదలైంది. లెస్టర్‌షైర్‌లో ఒక నేతగాడి కొడుకుగా పుట్టిన జార్జ్ ఫాక్స్ (1624–1691), ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఉన్నదనీ, దానిని తెలుసుకోవడానికి మధ్యవర్తి అక్కరలేదనీ ఊరూరా తిరిగి చెప్పాడు. మధ్యవర్తి లేకపోతే పాదిరి లేడు, నీటి బాప్తిస్మం లేదు, రొట్టె ద్రాక్షారసాల సంస్కారం లేదు. అందరూ కలిసి మౌనంగా కూర్చుంటారు, ఎవరికి మాట వస్తే వారు, ఆడవారైనా మగవారైనా, లేచి చెబుతారు. వారు తమను ‘ఫ్రెండ్స్’ అని, అంటే స్నేహితులని పిలుచుకున్నారు. ‘క్వేకర్’ అంటే వణికేవాడు. అది ఒక న్యాయాధికారి 1650లో డెర్బీలో ఫాక్స్‌ను ఎగతాళి చేస్తూ అన్న మాటే తప్ప వారు పెట్టుకున్న పేరు కాదు.

వారు కోర్టులో ప్రమాణం చేయలేదు, పెద్దల ముందు టోపీ తీయలేదు, చర్చికి కట్టవలసిన దశమభాగం కట్టలేదు. 1662లోనూ 1664లోనూ వచ్చిన చట్టాలు వారి సమావేశాలనే నేరం చేశాయి. జైళ్ళు నిండాయి, ఇళ్ళు జప్తయ్యాయి. ఆ జప్తుల వివరాలన్నీ వారు పద్దులు రాసినట్టు రాసిపెట్టారు. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఎంత బాకీ కింద ఏ ఆవును తోలుకుపోయారు, ఎన్ని ఇత్తడి గిన్నెలు, ఎన్ని దుప్పట్లు పట్టుకుపోయారు అన్నవి వరుసగా ఉంటాయి. 1753లో ఇవి రెండు భారీ సంపుటాలుగా అచ్చయ్యాయి. తమ పూర్వీకుడు వలస వెళ్ళక ముందు ఇంగ్లండులో ఏ గ్రామంలో ఉండేవాడో తెలియక తడుముకునేవారికి ఈ జప్తు జాబితా ఎన్నోసార్లు దారి చూపుతుంది. ఆ ఇంట్లో ఏమేమి సామాను ఉండేదో కూడా దానివల్లనే తెలుస్తుంది.

బాప్తిస్మం లేదు కనుక చర్చి రిజిస్టర్లలో క్వేకర్ బిడ్డల పేర్లు ఎక్కలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి వారు జననాలకూ, పెళ్ళిళ్ళకూ, మరణాలకూ తమ సొంత రిజిస్టర్లు పెట్టుకున్నారు. ఇంగ్లండులోని ఈ పుస్తకాలలో ఎక్కువభాగం 1840లో ప్రభుత్వానికి అప్పగించారు. అవి ఇప్పుడు లండన్ శివార్లలోని క్యూలో, జాతీయ అభిలేఖాలయంలో ఉన్నాయి. మీ పక్కింటి ఆవిడ తాతముత్తాతల పేర్లు ఆ పచ్చికలో కనబడకపోవచ్చును గాని, ఆ మందిరపు మరణాల పుస్తకంలో ఎవరిని ఏ రోజున పూడ్చారో ఉండి ఉంటుంది.

ప్రశ్న: నేను పనిచేసే కంపెనీలో ఒక అమెరికన్ సహోద్యోగి తన పూర్వీకులు విలియం పెన్‌తోపాటు ‘వెల్కమ్’ అనే ఓడలో వచ్చారనీ, అమెరికాలో మొట్టమొదటి క్వేకర్ కుటుంబాలలో తమది ఒకటనీ గర్వంగా చెబుతాడు. దీన్ని నిర్ధారించుకోవడం సాధ్యమా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: రెండు మాటలనూ విడివిడిగా చూడాలి. పెన్ ఓడ దిగినది 1682 అక్టోబరులో, డెలావేర్ నది ఒడ్డున న్యూకాజిల్ వద్ద. అప్పటికి క్వేకర్లు అమెరికాలో అడుగుపెట్టి పాతికేళ్ళు దాటింది. 1656 జూలైలో మేరీ ఫిషర్, ఆన్ ఆస్టిన్ అనే ఇద్దరు స్త్రీలు బార్బడోస్ మీదుగా బోస్టన్‌లో దిగారు. అక్కడి అధికారులు వారిని జైల్లో పెట్టి, పుస్తకాలు తగలబెట్టి, వచ్చిన దారినే పంపేశారు. ఆ తరవాత బోస్టన్‌లో 1659 మొదలు 1661 వరకు నలుగురు క్వేకర్లను ఉరితీశారు. వారిలో మేరీ డయ్యర్ ఒకామె.

మాసచూసెట్స్‌లోని సేలంలో ఉన్న సౌత్‌విక్ కుటుంబం కథ నాకు మరీ బాధ కలిగిస్తుంది. లారెన్స్, కసాండ్రా అనే వృద్ధ దంపతులను 1659లో దేశం నుంచి వెళ్ళగొట్టారు. జరిమానా కట్టలేదన్న నేరానికి వారి పిల్లలు డేనియల్‌నూ ప్రొవైడెడ్‌నూ వర్జీనియాలోనో బార్బడోస్‌లోనో అమ్మివేయమని ఆజ్ఞ వేశారు. వారిని ఎక్కించుకోవడానికి ఏ ఓడ కెప్టెనూ ఒప్పుకోలేదు కనుక ఆ పిల్లలు బతికిపోయారు. తల్లిదండ్రులు షెల్టర్ దీవిలో ఆశ్రయం పొంది మరుసటి ఏడాదే చనిపోయారు. ఈనాడు అమెరికాలో సౌత్‌విక్ వంశీకులమని చెప్పుకునేవారికి ఆ కోర్టు ఆజ్ఞే తొలి కుటుంబపత్రం. మాసచూసెట్స్‌తో పాటు న్యూజెర్సీని కూడా లెక్కవేసుకోవాలి. 1675లో సేలం అనే పేరుతోనే మరో ఊరినీ, 1677లో ‘కెంట్’ ఓడలో వచ్చినవారు బర్లింగ్టన్‌నూ అక్కడ స్థాపించారు.

ఇక ‘వెల్కమ్’ మాట. ఆ ఓడలో సుమారు 100 మంది ఎక్కగా దారిలో మశూచి సోకి 30 మంది దాకా చనిపోయారు. ప్రయాణికుల జాబితా అసలు మిగలలేదు. ఇప్పుడు అచ్చులో కనిపించే జాబితాలన్నీ తరవాతివారు కూర్చినవే. ఓడలో ప్రాణం పోతుండగా రాయించిన వీలునామాలు, వాటి కింద సాక్షి సంతకాలు, ఒడ్డు చేరాక జరిగిన భూమి రిజిస్ట్రేషన్లు చూసి ఒక్కొక్క పేరునూ చేర్చారు. అందుచేత కొన్ని పేర్లు రుజువైనవి, కొన్ని కావు. ఆ ఏడాదిలో ఇంకా ఎన్నో ఓడలు అదే నదిలోకి వచ్చాయి. తాతగారు వాటిలో ఏదో ఒకదానిలో వచ్చి ఉంటే, రెండు మూడు తరాలు గడిచేసరికి మనవల నోట అది పెన్‌గారి ఓడే అయిపోవడం మానవ సహజం. మీ మిత్రుడి దగ్గర ఆ పూర్వీకుడు ఊరు మారేటప్పుడు క్వేకర్ సమావేశం రాసిచ్చిన బదిలీ పత్రం గాని, తొలి భూమి కొనుగోలు పత్రం గాని ఉన్నదేమో అడగండి. పెన్ 5,000 ఎకరాలను 100 పౌండ్లకు అమ్మాడు. ఆ తొలి కొనుగోలుదారుల పేర్లు నిలిచి ఉన్నాయి.

ప్రశ్న: మా కోడలు అమెరికన్ అమ్మాయి, ఇండియానా రాష్ట్రంలో పుట్టింది. వాళ్ళ అమ్మమ్మ వైపువారు క్వేకర్లు. మనవడికి రెండు వైపుల వంశవృక్షమూ రాసి ఇద్దామని మొదలుపెట్టాను. మా వైపు ఏడు తరాలు దొరికాయి. కోడలి వైపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.
— ఒక పాఠకురాలు, కాకినాడ (ప్రస్తుతం డాలస్)

సమాధానం: అమ్మా, మీరు పూనుకున్న పని మంచిది. క్వేకర్ల వైపు మీకు పని సులువు కావచ్చును కూడా.

క్వేకరు కుటుంబం ఒక ఊరు నుంచి మరో ఊరు పోవాలంటే, సొంత ఊరి నెలవారీ సమావేశం (నెలకోసారి కూడి వ్యవహారాలు చూసే స్థానిక సంఘం) నుంచి ఒక పత్రం తీసుకువెళ్ళాలి. బడి మారే పిల్లవాడికి ఇచ్చే టీసీ వంటిది అనుకోండి. ఇతను మాలో సభ్యుడు, నడవడి మంచిది, అప్పులు లేవు, పెళ్ళికాని వాడైతే పెళ్ళి మాట ఇచ్చిన చిక్కులేవీ లేవు అని విచారించి రాసిస్తారు. కొత్త ఊరిలో ఆ పత్రం చూపగానే అక్కడి మినిట్స్ పుస్తకంలో, అంటే సమావేశపు నిర్ణయాలు నమోదు చేసే పుస్తకంలో, రాసుకుంటారు. ఇచ్చినవారి పుస్తకంలోనూ, పుచ్చుకున్నవారి పుస్తకంలోనూ రెండుచోట్లా ఉంటుంది కనుక, ఒక కొస పట్టుకుంటే రెండో కొస దొరుకుతుంది.

ఇండియానాలోని క్వేకర్లలో చాలామంది ఉత్తర కరోలినా నుంచి వచ్చినవారు. బానిసల శ్రమ మీద నడిచే రాష్ట్రంలో ఉండలేక 19వ శతాబ్ది తొలి దశకాలలో కుటుంబాలు కుటుంబాలుగా బండ్లు కట్టుకుని ఒహాయో, ఇండియానాలకు తరలిపోయారు. రిచ్మండ్ పట్టణంలోని వైట్‌వాటర్ నెలవారీ సమావేశం 1809లో ఏర్పడింది. మీ కోడలి పూర్వీకులు అక్కడ కనిపిస్తే, ఉత్తర కరోలినాలోని న్యూగార్డెన్ వంటి సమావేశం ఇచ్చిన పత్రం పేరు ఆ వరుసలోనే ఉంటుంది. న్యూగార్డెన్ పుస్తకంలో వెతికితే అంతకు ముందు పెన్సిల్వేనియా నుంచి వచ్చారో, నాంటుకెట్ దీవి నుంచి వచ్చారో తెలుస్తుంది. పెన్సిల్వేనియా పుస్తకం ఇంగ్లండులోనో, వేల్స్‌లోనో, ఐర్లండులోనో ఒక గ్రామం పేరు చెబుతుంది. ఇలా మూడు నాలుగు పత్రాలతో రెండు వందల ఏళ్ళు వెనక్కి నడవవచ్చు.

మీరు తప్పక చూడవలసిన పుస్తకం, విలియం వేడ్ హిన్షా 1936 నుంచి వెలువరించిన అమెరికన్ క్వేకర్ వంశావళి విజ్ఞాన సర్వస్వం. హిన్షా న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో పాడిన గాయకుడు. జీవితంలో చివరి ఏళ్ళను ఈ పాత మినిట్స్ పుస్తకాల సారాన్ని ఎత్తి రాయించడానికి వెచ్చించాడు. అందులో పొడి అక్షరాలు చాలా ఉంటాయి, వాటిని చూసి బెదరకండి. ‘జీసీటీ’ అంటే ఫలానా సమావేశానికి పత్రం ఇచ్చారని, ‘ఆర్ఓసీఎఫ్’ అంటే ఫలానాచోటి నుంచి తెచ్చిన పత్రం పుచ్చుకున్నారని, ‘డిస్’ అంటే సభ్యత్వం తీసేశారని, ‘ఎంసీడీ’ అంటే కట్టుబాటుకు విరుద్ధంగా పెళ్ళి చేసుకున్నారని అర్థం. అయితే అది సారమే. పేరు దొరికిన తరవాత అసలు పుటను చూడకుండా వదలవద్దు. పెన్సిల్వేనియా పుస్తకాలు స్వార్త్‌మోర్, హావర్‌ఫర్డ్ కాలేజీలలోనూ, ఉత్తర కరోలినావి గిల్ఫర్డ్ కాలేజీలోనూ, ఇండియానావి రిచ్మండ్‌లోని ఎర్లమ్ కాలేజీలోనూ చూడవచ్చు. వాటిలో ఎన్నింటికో ఫొటోలు ఆన్సెస్ట్రీ వెబ్‌సైటులోనూ ఉన్నాయి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో దానిని ఉచితంగా చూడనిస్తారేమో అడగండి.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. 1827లో ఫిలడెల్ఫియా క్వేకర్లు రెండుగా చీలిపోయారు, 1955లో గాని మళ్ళీ కలవలేదు. చీలిక మిగతా ప్రాంతాలకూ పాకింది. ఆ మధ్యకాలంలో ఒకే ఊరిలో ఒకే పేరుతో రెండు సమావేశాలు, రెండు పుస్తకాలు ఉండవచ్చు. ఒకదానిలో పేరు లేకపోతే రెండోది తెరవండి.

ప్రశ్న: అమెరికన్ అన్వేషకుడు డేనియల్ బూన్ పుట్టిన తేదీ ఒకచోట 1734 అక్టోబర్ 22 అనీ, మరోచోట నవంబర్ 2 అనీ ఉన్నది. ఆయన తల్లిదండ్రుల పెళ్ళి 1720లో ‘ఏడో నెల 23’ అని ఒక పుస్తకంలో, జూలై 23 అని ఇంకోచోట చదివాను. ఏది సరైనది?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: పుట్టిన తేదీలు రెండూ సరైనవే. పెళ్ళి జరిగినది మాత్రం జూలైలో కాదు, సెప్టెంబరులో.

నెలల పేర్లలో జానస్, మార్స్ వంటి రోమన్ దేవతల పేర్లు ఉన్నాయని క్వేకర్లు వాటిని నోట పలికేవారు కారు. వారాల పేర్లూ అంతే. ఆదివారం వారికి మొదటి రోజు. నెలలకు అంకెలే పేర్లు. అయితే 1752 దాకా ఇంగ్లండులో కొత్త సంవత్సరం జనవరి 1న కాక మార్చి 25న, దరిదాపు మన ఉగాది రోజులలో మొదలయ్యేది. అందువల్ల మార్చి మొదటి నెల, ఫిబ్రవరి పన్నెండో నెల. ఈ లెక్కను కంఠస్థం చేయవలసిన పని తెలుగువారికి లేదు. సెప్టెంబరులో సప్త, అక్టోబరులో అష్ట, నవంబరులో నవ, డిసెంబరులో దశ వినిపిస్తూనే ఉన్నాయి కదా. ఏడో నెల అంటే సెప్టెంబరు. 1752 తరవాత జనవరి మొదటి నెల అయింది కనుక, అప్పటినుంచి ఏడో నెల అంటే జూలైయే. పుస్తకం ఏ ఏటిదో చూడకుండా అంకెను నెలగా మార్చినవారు బూన్ దంపతుల పెళ్ళిని రెండు నెలలు ముందుకు జరిపారు.

పదకొండు రోజుల తేడా సంగతి వేరు. 1752లో ఇంగ్లండు, దాని వలసలు గ్రెగోరియన్ కాలెండరుకు మారినప్పుడు సెప్టెంబర్ 2 తరవాతి రోజును సెప్టెంబర్ 14గా లెక్కించారు. డేనియల్ పుట్టిన ఎనిమిదో నెల 22వ తేదీ పాత లెక్కలో అక్టోబర్ 22. దానికి పదకొండు కలిపితే నవంబర్ 2 అవుతుంది.

వంశవృక్షాలు రాసేవారు ఎక్కువగా పడే గొయ్యి మరొకటి ఉన్నది. తల్లిదండ్రుల పెళ్ళి 1700 రెండో నెలలో, బిడ్డ పుట్టుక 1700 పన్నెండో నెలలో అని ఒక పుస్తకంలో ఉన్నదనుకోండి. నెలలను మాత్రం మార్చి సంవత్సరాన్ని అలాగే ఉంచితే, పెళ్ళి 1700 ఏప్రిల్‌లో, బిడ్డ 1700 ఫిబ్రవరిలో అవుతుంది. పాపం ఆ దంపతుల మీద లేని నింద పడుతుంది. ఆ ఫిబ్రవరి ఇప్పటి లెక్కలో 1701కి చెందినది. జాగ్రత్తపరులైన రాతగాళ్ళు 1700/01 అని రెండూ రాసేవారు. మీరు ఎత్తి రాసేటప్పుడు పుస్తకంలో ఉన్న అంకెలను ఉన్నట్టే రాసి, మీ లెక్కను పక్కన వేరుగా రాయండి.

ప్రశ్న: అదే డేనియల్ బూన్ తండ్రిని కొడుకు పెళ్ళి విషయంలో క్వేకర్లు వెలివేశారని చదివి ఆశ్చర్యపోయాను. ప్రతి మనిషిలోనూ వెలుగు ఉన్నదనేవారు పెళ్ళి కోసం మనిషిని వెలివేయడమేమిటి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ బాధ అర్థమైంది. అయితే ‘వెలి’ అన్న తెలుగు మాట ఇక్కడ సరిగ్గా అతకదు. మన ఊళ్ళలో వెలి అంటే నిప్పూ నీళ్ళూ బంద్, పలకరింపు లేదు, మంగలీ చాకలీ రారు. క్వేకర్లు సభ్యత్వం తీసేసిన మనిషి మరుసటి మొదటి రోజున వచ్చి అదే బల్ల మీద అందరితో మౌనంగా కూర్చోవచ్చు, చుట్టాలతో రాకపోకలు సాగించవచ్చు. సమావేశపు వ్యవహారాలలో మాట ఉండదు, సమావేశం పేరున వ్యవహరించే హక్కు ఉండదు. శిక్ష కాదని నేను అనను. దానికి మన అనుభవంలోని క్రౌర్యాన్ని అంటగట్టకూడదు.

పెళ్ళికి వారు ఎందుకంత పట్టింపు చూపారో తెలియాలంటే వారి పెళ్ళి ఎలా జరిగేదో చూడాలి. వధూవరులు ముందుగా నెలవారీ సమావేశంలో తమ ఉద్దేశం చెప్పాలి. మగవారి సమావేశం ఇద్దరు మగవారినీ, ఆడవారి సమావేశం ఇద్దరు ఆడవారినీ నియమిస్తుంది. వారు వెళ్ళి, వీరికి మరెవరితోనూ మాటా ముడీ లేవని, పెద్దలు సమ్మతించారని విచారించి వస్తారు. మరుసటి నెల వధూవరులు మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాలి. పెళ్ళిరోజున పురోహితుడు ఉండడు. ఇద్దరూ నిలబడి, చేయి పట్టుకుని, ఒకరినొకరు స్వీకరిస్తున్నామని అందరి ఎదుట తామే చెబుతారు. ఆ మాటలన్నీ పెద్ద కాగితం మీద రాసి, ముందు వధూవరులు, తరవాత అక్కడున్న ప్రతివారూ సంతకం చేస్తారు. చుట్టాల సంతకాలు సాధారణంగా వధూవరుల పేర్ల కింద ఒక వరుసలో ఉంటాయి. రాయడం రానివారు గుర్తు పెడతారు. ఆ కాగితం చూస్తే పెళ్ళికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో మూడు వందల ఏళ్ళ తరవాత కూడా తెలిసిపోతుంది. పాదిరి ముందు జరిగిన పెళ్ళి ఈ పద్ధతినంతటినీ కాదన్నట్టు వారికి తోచింది.

బూన్ కుటుంబం ఈ కట్టుబాటుకు లోబడే మొదలైంది. డెవన్‌లోని బ్రాడ్నించ్ గ్రామంలో నేతపని చేసుకునే జార్జ్ బూన్, పెద్దపిల్లలు ముగ్గురిని ముందుగా పంపి, 1717లో భార్యాపిల్లలతో ఫిలడెల్ఫియాకు వచ్చాడు. ఆయన కొడుకు స్క్వైర్ బూన్, వేల్స్ నుంచి వచ్చిన క్వేకర్ల అమ్మాయి సారా మోర్గన్‌ను 1720లో గ్వినెడ్ మందిరంలో పెళ్ళి చేసుకున్నాడు. వారికి పదకొండు మంది పిల్లలు, వారిలో డేనియల్ ఆరోవాడు. 1742లో పెద్దకూతురు సారా క్వేకరు కాని మనిషిని పెళ్ళాడింది. తండ్రి సమావేశానికి వచ్చి తనది తప్పేనని ఒప్పుకున్నాడు. అయిదేళ్ళకు కొడుకు ఇజ్రాయెల్ అదే పని చేశాడు. ఈసారి స్క్వైర్ తప్పు ఒప్పుకోలేదు. 1748లో పెన్సిల్వేనియాలోని ఎక్సెటర్ సమావేశం ఆయన సభ్యత్వం తీసేసింది. 1750లో కుటుంబం ఆ ఊరు వదిలి ఉత్తర కరోలినాలోని యాడ్కిన్ లోయకు తరలిపోయింది.

ఇప్పుడు వంశచరిత్ర రాసేవారి కళ్ళతో చూడండి. స్క్వైర్ ఏ కలతా లేకుండా బతికి ఉంటే మనకు రెండు మూడు తేదీలు మిగిలేవి. ఆయన ఒకసారి తలవంచాడు, రెండోసారి వంచలేదు అన్న సంగతి తెలిసినది ఆ తప్పుల పుస్తకం వల్లనే. తాగి పడ్డవాడు, అప్పు ఎగవేసినవాడు, సైన్యంలో చేరినవాడు, అందరి పేర్లూ అందులో ఉన్నాయి. తమ తాత పేరు పక్కన ‘డిస్’ అని చూసి చిన్నబుచ్చుకుని ఆ పుటను దాటవేసే వంశీకులు ఉన్నారు. ఆ పుటలోనే తాత మనిషిగా కనిపిస్తాడు.

స్క్వైర్ బూన్ 1765 జనవరిలో చనిపోయాడు. మాక్స్‌విల్ పట్టణంలోని జొప్పా శ్మశానంలో ఆయన సమాధి రాయి ఇప్పటికీ ఉన్నది. వచ్చీరాని స్పెల్లింగులతో ఆయన పేరూ, వయసూ, చనిపోయిన తేదీ దాని మీద చెక్కి ఉన్నాయి.

ప్రశ్న: తొలి క్వేకర్లలో తండ్రి ఇంటిపేరు ఒకటి, కొడుకులది మరొకటి కనిపిస్తున్నది. దత్తత పోయారా?
— ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: దత్తత కాదు, వారు వేల్స్ నుంచి వచ్చినవారు. వేల్స్‌లో అప్పటికి స్థిరమైన ఇంటిపేర్లు అందరికీ లేవు. ‘ఆప్’ అంటే కొడుకు. బాలా పట్టణం దగ్గరి జాన్ ఆప్ థామస్ అంటే థామస్ కొడుకు జాన్. పెన్సిల్వేనియాలో భూమి కొన్న ఆయన 1683లో ఓడ ఎక్కకుండానే చనిపోయాడు. భార్య కాథరిన్ పిల్లలతో వచ్చింది. ఆ పిల్లలు జాన్ పిల్లలు కనుక జోన్స్ అయ్యారు. ఆ తరవాతనే అది ఇంటిపేరుగా కుదురుకుంది. ఆప్ రైస్ నుంచి ప్రైస్, ఆప్ హ్యూ నుంచి ప్యూ, ఆప్ హవెల్ నుంచి పావెల్ వచ్చాయి. పేరుతో దారి దొరకనప్పుడు నేలను పట్టుకోండి. మెరియన్, రాడ్నర్, హావర్‌ఫర్డ్, గ్వినెడ్ అనే ఊళ్ళ పేర్లన్నీ వేల్స్‌లోని తమ ప్రాంతాల పేర్లే. ఎవరు ఏ జిల్లా నుంచి వచ్చారో చాలావరకు వారు పెట్టుకున్న ఊరి పేరే చెబుతుంది.

ప్రశ్న: క్వేకర్లు బానిసత్వాన్ని ఎదిరించినవారని పాఠ్యపుస్తకాలలో చదివాము. తొలి క్వేకర్ కుటుంబాలలో బానిసలే లేరా? ఉంటే వారి పేర్లు కూడా ఈ పుస్తకాలలో ఉన్నాయా?
— ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

సమాధానం: ఉన్నారు. 1684లో ‘ఇసబెల్లా’ అనే ఓడ 150 మంది ఆఫ్రికన్లను ఫిలడెల్ఫియాకు తెస్తే, వారిని కొనుక్కున్నవారిలో ఎక్కువమంది అప్పుడే అడవి నరికి ఇళ్ళు కట్టుకుంటున్న క్వేకర్లే. విలియం పెన్ సొంత ఎస్టేటులో కూడా బానిసలు పనిచేశారు. ఏ క్వేకర్ వంశచరిత్రయినా ఈ విషయం చెప్పకుండా తొలి తరం కష్టాన్ని మాత్రమే వర్ణిస్తే అది సగం చరిత్రే. ఆ నేల అంతకు ముందు లెనపీ అనే అక్కడి ఆదివాసి ప్రజలదన్న మాట కూడా అందులో ఉండాలి. పెన్ వారితో బేరమాడి కొన్నాడు. ఆయన కొడుకులు 1737లో ఒకటిన్నర రోజులో నడవగలిగినంత నేల అన్న ఒప్పందం పేరుతో వారిని మోసగించి విశాలమైన భూభాగాన్ని లాగేసుకున్నారు.

ఎదిరించినవారూ అదే ఊళ్ళ నుంచి వచ్చారు. 1683లో జర్మనీలోని క్రెఫెల్డ్ నుంచి పదమూడు కుటుంబాలు వచ్చి జర్మన్‌టౌన్ కట్టుకున్నాయి. 1688లో ఆ ఊరివారు నలుగురు, గారెట్ హెండరిక్స్, ఫ్రాన్సిస్ డేనియల్ పాస్టోరియస్, నేతపనివారైన అన్నదమ్ములు డెరిక్, అబ్రహాం ఓప్ డెన్ గ్రాఫ్‌లు, మనుషులను కొనడం అన్యాయమని నెలవారీ సమావేశానికి ఒక నివేదన ఇచ్చారు. ఇది మాకు మించిన బరువని నెలవారీ సమావేశం దానిని త్రైమాసిక సమావేశానికి, అది వార్షిక సమావేశానికి పంపింది. అక్కడ అది ఆగిపోయింది. ఆ కాగితం మరుగునపడి 1844లో మళ్ళీ దొరికింది. ఇప్పుడు హావర్‌ఫర్డ్ కాలేజీలో ఉన్నది. న్యూజెర్సీకి చెందిన జాన్ వుల్మన్ వంటివారు ఇంటింటికీ వెళ్ళి బతిమాలితే, 1758లో వార్షిక సమావేశం బానిసలున్న సభ్యుల ఇళ్ళకు మనుషులను పంపడానికి ఒప్పుకుంది. బానిసలను ఉంచుకున్నవారికి సభ్యత్వం లేదని 1776లో తేల్చింది. నాలుగు సంతకాలకూ ఈ తీర్మానానికీ మధ్య 88 ఏళ్ళు గడిచాయి.

మీ రెండో ప్రశ్నకు వస్తే, ఆ పుస్తకాలలో పేర్లు ఉన్నాయి గాని జననాల, పెళ్ళిళ్ళ రిజిస్టర్లలో వెతికితే దాదాపు దొరకవు. 1770ల నాటి విడుదల పత్రాల పుస్తకాలు తెరవాలి. యజమాని తన పేరూ ఊరూ రాసి, ఫలానా పేరుగల, ఇన్నేళ్ళ వయసుగల మనిషిని విడిచిపెడుతున్నానని సాక్షుల ఎదుట సంతకం చేసేవాడు. సమావేశం ఆ పత్రాన్ని ఎక్కించుకునేది. పెద్దవారికి విడుదల వెంటనే దొరికేది. పిల్లలకు మాత్రం తరచుగా ఆడపిల్లకు 18 ఏళ్ళు, మగపిల్లవాడికి 21 ఏళ్ళు నిండే రోజు రాసేవారు. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు ఎన్నింటికో తమ పూర్వీకుల పేరూ వయసూ కలిసి కనిపించే మొట్టమొదటి కాగితం ఇదే. చాలామందికి అందులో ఇంటిపేరు ఉండదు.